రాచపుండు - రైలుబండి



రెండేళ్ళ క్రితం వేసవి చివరలో ఒక సాయంకాలం నా పూర్వవిద్యార్థి ఒకడు ఫోను చేశాడు. మా ఊరి పక్క పల్లెవాడే. ఉత్పలమాలకూ చంపకమాలకూ తేడా తెలియక నాచేత చెవులు మెలిపెట్టించుకున్నవాడు, ఇప్పుడు నలభై దాటిన సంసారి, సేద్యగాడు.

"అయ్యోరా, పిల్లోనికి తలలో గడ్డ తీసినారు. ఇప్పుడు కరెంటు పెట్టాలంట. మా బావమరిది అమెరికాలో ఉండాడు గదా, ఆడికే తోడుకొని రమ్మంటాండాడు. అదేందో ప్రోటానంట. ఉండే నేలంతా అమ్మినా చాలుతాదో లేదో. మీరేమంటారు?"

తెలుగు పండితుణ్ణి వైద్యం అడిగితే ఏమి చెప్పగలడు? అయినా ఆపదలో ఉన్నవాడు చదువు చెప్పిన అయ్యవారికి అన్నీ తెలుసుననుకుంటాడు. నేను ఒకే ఒక ప్రశ్న వేశాను.

"ఎన్ని వారాలు పడుతుందన్నారు నాయనా?"

"ఆరు వారాలంట."

ఆ మాట విన్నాక నాకు కాసేపు గొంతు పెగలలేదు. దానికి కారణం యాభై ఏళ్ళ వెనుక ఉన్నది. అక్కడికి వెళ్ళేముందు, మా కడప కర్నూలు జిల్లాల వాళ్ళు ఈ వ్యాధికి మందు వెతుక్కుంటూ ఎక్కడెక్కడికి పోయారో ఆ చరిత్ర కొంత చెప్పుకుందాం.

ముందుగా మాట సంగతి. పాత తెలుగువాళ్ళు ఈ జాతి మొండివ్రణాన్ని రాచపుండు అన్నారు. రాచ అంటే రాజుకు చెందినది, పెద్దది. రాచబాట, రాచకార్యం, రాచవుసిరి వంటివే. క్షయరోగాన్ని సంస్కృతంలో రాజయక్ష్మ అనడం కూడా ఇటువంటిదే. ఎదిరించ శక్యం కాని దానికి రాజరికం కట్టబెట్టడం మన అలవాటు. సుశ్రుతుడు గడ్డలను అర్బుదాలన్నాడు. గ్రీకులు ఎండ్రకాయతో పోల్చి కార్కినోస్ అన్నారు. దానినే లాటిను వారు క్యాన్సర్ అన్నారు. మన కర్కటమూ, వారి క్యాన్సరూ ఒకే మూలం నుండి వచ్చిన మాటలని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. జ్యోతిషంలో కర్కాటకరాశి అని మనం రోజూ పలికే మాటే వ్యాధి పేరుగా పడమటి నుండి తిరిగి వచ్చింది.

ఇక చికిత్స పేరు. రేడియేషనుకు పుస్తకాలలో వికిరణ చికిత్స అని రాస్తారు. ఆ మాట పలికిన రోగిని నేను చూడలేదు. మా సీమలో దానిని కరెంటు పెట్టడం అంటారు. ఈ 'పెట్టడం' నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. పసరికలకు వాత పెట్టడం, నొప్పికి చురక పెట్టడం మా పల్లెలకు తెలిసిన వైద్యమే. సుశ్రుతుడు చెప్పిన అగ్నికర్మకు అవి పల్లెటూరి వారసులు. కంటికి కనబడని నిప్పుతో కాల్చే కొత్త వైద్యం వచ్చినప్పుడు జనం పాత క్రియను తీసుకుని దానికి అతికించారని నా ఊహ.

ఆ కనబడని నిప్పును 1895 నవంబరులో రాంట్‌గెన్ కనిపెట్టాడు. మరుసటి ఏడాదే వైద్యులు దానిని వ్రణాల మీద ప్రయోగించి చూశారు. 1898లో క్యూరీ దంపతులు రేడియాన్ని కనుగొన్నారు. మన దత్తమండలాలు అప్పటికి మద్రాసు రాజధానిలో ఉన్నాయి. 1800లో నిజాము కుంపిణీకి ధారపోసిన నేల ఇది. కర్నూలు 1839లో కుంపిణీ చేతికి వచ్చింది. రాయలసీమ అనే పేరు 1928లో గానీ స్థిరపడలేదు. పేరు ఏదైనా పెద్ద జబ్బు వస్తే దారి ఒకటే, రైలుబండి. మద్రాసు నుండి రేణిగుంట, కడప, గుంతకల్లు మీదుగా రాయచూరు దాకా ఇనుపదారి 1871 నాటికే పూర్తయింది. అక్కడ అది బొంబాయి దారిని కలుసుకుంది. కనుక కడప స్టేషనులో నిలబడిన రోగికి రెండు దిక్కులుండేవి. కింది వైపు మద్రాసు, పై వైపు బొంబాయి.

మద్రాసు పెద్దాసుపత్రిలో బార్నార్డు దొర పేరిట ఎక్స్‌రే సంస్థ 1934లో ప్రారంభమయింది. బొంబాయిలో టాటా స్మారక ఆసుపత్రి 1941 ఫిబ్రవరి 28న తలుపులు తెరిచింది. ఆ ఆసుపత్రి వెనుక ఒక విదేశయాత్ర ఉన్నది. దోరాబ్జీ టాటా గారి భార్య మెహెర్‌బాయికి రక్తక్యాన్సరు వచ్చి, 1931లో బ్రిటనులోని వేల్సులో ఒక చికిత్సాలయంలో కన్నుమూసింది. భారతదేశంలో అందరికంటే ముందు విదేశీ వైద్యం కొనగలిగిన కుటుంబం అది. అయినా ఆమె దక్కలేదు. ఆమె పోయిన మరుసటి ఏడాది భర్తా పోయాడు. ఆయన విడిచివెళ్ళిన ధర్మనిధి నుండి, ఈ దేశంలోనే ఆ వైద్యం ఉండాలన్న తలపు నుండి ఆ ఆసుపత్రి పుట్టింది.

మద్రాసు అడయారు క్యాన్సర్ సంస్థ కథ కూడా అటువంటిదే. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారి చెల్లెలు ఈ వ్యాధితోనే పోయింది. ఆ దుఃఖాన్ని ఆమె మూడు దశాబ్దాలు మనసులో పెట్టుకుని, 1952లో నెహ్రూ గారిచేత శంకుస్థాపన చేయించి, 1954లో 12 పడకలతో ఆసుపత్రి తెరిచింది. మరుసటి ఏడాది డాక్టర్ శాంత అక్కడ చేరి, 2021లో కన్నుమూసేదాకా ఆ సంస్థనే ఇల్లు చేసుకున్నది. ప్రపంచంలో కోబాల్టు-60 యంత్రంతో రోగులకు తొలిసారి చికిత్స చేసింది 1951లో, కెనడాలో. ఆరేళ్ళు తిరగకుండా, 1957లో, అటువంటి యంత్రం కెనడా నుండి అడయారు చేరింది. మెహెర్‌బాయి సముద్రం దాటి వెళ్ళవలసి వచ్చింది. ఇరవై ఆరేళ్ళ తరువాత యంత్రమే సముద్రం దాటి వచ్చింది.

ఇక్కడ మా సీమవాళ్ళకు ఒక చిత్రమైన సంగతి ఎదురయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. గుడారాలలో కచేరీలు నడిచాయని మా పెద్దలు గర్వంగా చెప్పుకునేవారు. మద్రాసు మాత్రం ఆ రోజు నుండి పరరాష్ట్రమయింది. రాజధాని మన ఊళ్ళో ఉన్నది, పెద్ద ఆసుపత్రి పరాయి రాష్ట్రంలో ఉన్నది. మూడేళ్ళకు రాజధాని కూడా హైదరాబాదుకు తరలిపోయింది. ఆ 1956లోనే కర్నూలుకు వైద్య కళాశాల దక్కింది. దాని ప్రస్తావన మళ్ళీ వస్తుంది.

ప్రయాణం అన్నిటికీ ఉన్నదే కదా, కంటి ఆపరేషనుకు పోమా, గుండెకు పోమా అని మీరనవచ్చు. కరెంటు వైద్యానికి ఒక ప్రత్యేకత ఉన్నది. కత్తి వైద్యం ఒక పూటలో ముగుస్తుంది. కరెంటు అలా కాదు. మొత్తం మోతాదును ఒకేసారి ఇస్తే గడ్డతోపాటు మనిషీ కాలిపోతాడు. పారిస్ నగరంలో క్లాడ్ రెగో, ఆన్రీ కూటార్ అనే వైద్యులు 1920, 30లలో ఒక సూక్ష్మం కనిపెట్టారు. మోతాదును చిన్న చిన్న ముక్కలు చేసి రోజుకొకటి చొప్పున ఇస్తే, మంచి కణాలు రాత్రికి రాత్రి కొంత కోలుకుంటాయి, చెడ్డ కణాలు అంతగా కోలుకోలేవు. అందుకే వారానికి ఐదు రోజులు, ఐదారు వారాలు. రోజుకు యంత్రం కింద ఉండేది కొద్ది నిమిషాలే. మిగిలిన ఇరవైమూడు గంటల చిల్లర రోగి ఎక్కడో ఒకచోట ఉండాలి, తినాలి, పడుకోవాలి. మధ్యలో రోజులు తప్పితే గడ్డ మళ్ళీ పుంజుకుంటుంది. కనుక ఈ వైద్యానికి వెళ్ళడమంటే ఊరు విడిచి కొన్నాళ్ళు కాపురం పెట్టడమే.

ఇప్పుడు మా ఇంటి సంగతి.

1971లో నాకు పద్నాలుగేళ్ళు. మా అమ్మకు నలభై నిండలేదు. ఆడవాళ్ళకు వచ్చే గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు. ఆమె ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు, జేజికి తప్ప. జేజి కషాయాలు కాచి ఇచ్చింది. చివరకు రక్తం ఆగక పడిపోతే, రాయచోటిలో ఒక డాక్టరమ్మ చూసి ఆ రోజే మద్రాసు పొమ్మన్నది. కడప జిల్లాలో ఆ యంత్రం లేదు. అప్పటికి కడపకు వైద్య కళాశాలే లేదు. అది 2006లో వచ్చింది.

నాయన రెండు ఎడ్లలో ఒకదాన్ని అమ్మాడు. గువ్వలచెరువు కనుమ దిగి బస్సులో కడప చేరి, రాత్రి మెయిలులో సుమారు 260 కిలోమీటర్లు. తెల్లవారేసరికి సెంట్రలు స్టేషను. తమిళం చదవగలవాడెవడూ లేడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలవాణ్ణి గనుక నన్ను వెంట తీసుకుపోయారు. సత్రంలో మూడు రోజులకు మించి ఉండనివ్వలేదు. తరువాత ఒక పెంకుటింటి వసారా రోజు బాడుగకు దొరికింది. కిరసనాయిలు స్టవ్వు మీద నేనే సంగటి కెలికేవాణ్ణి. అమ్మకు వాంతులు. సంగటి వాసన పడేది కాదు. మజ్జిగన్నం రెండు ముద్దలు తినేది.

ఆసుపత్రిలో ఒక నర్సమ్మ అమ్మ పొత్తికడుపు మీద ఊదారంగు గీతలు గీసి, ఇవి చెరగగూడదు, నీళ్ళు తగలగూడదు అన్నది. మా అమ్మకు స్నానం లేకుండా వంట ముట్టే అలవాటు లేదు. ఆ గీతలను కాపాడుకుంటూ నెలరోజులు తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకున్నది. అక్కడ మాకు ఎవరూ అన్యాయం చేయలేదు. డాక్టర్లు మంచివాళ్ళే. ఆరు వారాలు కరెంటు, తరువాత లోపల రేడియం పెట్టి రెండు రోజులు కదలకుండా ఉంచుతామన్నారు.

నాలుగోవారంలో ఊరి నుండి కార్డు వచ్చింది. ముంగారు వాన పడింది, పదును ఆరకముందే రమ్మని చిన్నాయన రాశాడు. మా సీమలో ఆ కార్డుకున్న బరువు ఇతర ప్రాంతాలవారికి తెలియదు. మాది ఎర్రనేల, వానాధారం. ఏడాదికి ఒక పంట, అదీ శెనక్కాయ. పదును తప్పితే ఆ ఏడు లేదు. చేతిలో డబ్బు అయిపోయింది. ఉన్న ఒక్క ఎద్దుకు జత బాడుగకు తెచ్చి విత్తనం వేయాలి. అమ్మకు అప్పటికి రక్తం ఆగిపోయింది. నొప్పి తగ్గింది. "నాకు బాగుండాదిలే, విత్తనం వేసి మళ్ళొద్దాం" అని ఆమే అన్నది. నాయన ఆ మాట కోసమే చూస్తున్నాడు. ఆసుపత్రివాళ్ళు మధ్యలో పోవద్దని చెప్పారు. ఆ ఇంగ్లీషు మాటలను నాయనకు తెలుగులో చెప్పవలసినవాణ్ణి నేను. నాకూ ఊరికి పోవాలని ఉన్నది. చెప్పీ చెప్పనట్టు చెప్పాను.

విత్తనం వేశాం. మళ్ళీ మద్రాసు వెళ్ళలేదు. కలుపు, ఆపైన పశువుల మేత, ఆపైన డబ్బు. మరుసటి ఏడు వానలే లేవు. 1972 కరువు తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ కరువులోనే అమ్మ పోయింది.

నాయనను నేను చాలాకాలం తప్పుపట్టాను. నేను సంపాదించి సంసారం చేశాక ఆ తప్పు ఆయనొక్కడి మీద నిలవలేదు. యంత్రం 260 కిలోమీటర్ల దూరంలో కాక కడపలోనే ఉండివుంటే, ఆయన ఉదయం విత్తనం వేసి మధ్యాహ్నం ఆమెను కరెంటుకు తీసుకుపోయివుండేవాడు. ఆమెకు తక్కువపడిన మోతాదు ఆ దూరమే.

కర్నూలు వైద్య కళాశాల దగ్గర ఆగాం. ఆ కళాశాలలో చదివిన వారిలో నోరి దత్తాత్రేయుడు గారు ఒకరు. కృష్ణాజిల్లా మంటాడలో పుట్టి, కర్నూలులో వైద్యవిద్య చదివి, ఉస్మానియాలో పై చదువు ముగించి, న్యూయార్కు మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ క్యాన్సర్ కేంద్రానికి వెళ్ళారు. అక్కడ వారు ప్రావీణ్యం సంపాదించిన విద్య పేరు బ్రాకీథెరపీ. గ్రీకులో 'టెలీ' అంటే దూరం, 'బ్రాకీ' అంటే పొట్టి, దగ్గర. బయటి నుండి యంత్రంతో కొట్టేది టెలీథెరపీ, దూరచికిత్స. గడ్డ పక్కనే రేడియోధార్మిక పదార్థం ఉంచి చేసేది బ్రాకీథెరపీ, సమీపచికిత్స. మా అమ్మకు చివరలో లోపల రేడియం పెడతామన్నది ఈ రెండోదే.

పాతరోజులలో ఆ రేడియం గొట్టాలను వైద్యులు, నర్సులు చేతులతో అమర్చేవారు. రోగితోపాటు వారికీ ఆ కిరణాలు తగిలేవి. ముందు ఖాళీ గొట్టాలు అమర్చి, అందరూ బయటికి వచ్చాక యంత్రం ద్వారా మూలకాన్ని లోపలికి పంపే పద్ధతిని 1960లలో హెన్ష్‌కె అనే వైద్యుడు అదే మెమోరియల్ ఆసుపత్రిలో అభివృద్ధి చేశాడు. ఆ బాటలో వచ్చిన తరంలో నోరి గారు ప్రముఖులు. గంటల తరబడి కదలకుండా పడుకోవలసిన చికిత్స కొన్ని నిమిషాలకు తగ్గింది. మన దేశపు బీద ఆడవాళ్ళకు ఎక్కువగా వచ్చే క్యాన్సరుకు ఇదే ముఖ్యమైన వైద్యం. 2015లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

అప్పటికి హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరిట ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుండీ ఉన్నది. కర్నూలు వాళ్ళకు అది దగ్గర. కడప, చిత్తూరు వాళ్ళకు వేలూరు దగ్గర. కాచిగూడ నుండి చిత్తూరు పోయే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్సు కర్నూలు, డోన్, తాడిపత్రి, కడప, తిరుపతి మీదుగా నడుస్తుంది. అందులో సగంమంది ఏడుకొండలవాడి దగ్గరికి, కొందరు చిత్తూరులో దిగి బస్సెక్కి వేలూరు డాక్టర్ల దగ్గరికి. తలగుడ్డ ముఖందాకా లాక్కుని కిటికీ పక్కన ముడుచుకు కూర్చున్నవారిని చూస్తే వారి దారి ఏదో నాకు తెలిసిపోయేది.

ఎన్.టి.ఆర్. గారి సతీమణి బసవతారకమ్మ గారు 1985లో క్యాన్సరుతోనే పోయారు. ఆ దుఃఖం నుండి, నోరి గారి వంటి అమెరికా తెలుగు వైద్యుల తోడ్పాటుతో హైదరాబాదులో ఆమె పేరిట ఆసుపత్రి వచ్చి, 2000లో మొదలయింది. పులివెందుల వాడైన వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు, స్వయంగా వైద్యులు, 2007లో ఆరోగ్యశ్రీ ప్రారంభించాక కరెంటు ఖర్చు తెల్లకార్డు వారికి ప్రభుత్వం మీద పడింది. యంత్రం కింద పడుకునే ఖర్చు తీరింది గానీ, పక్కన ఉండే మనిషి కూలి ఎవరూ ఇవ్వలేదు. 2022లో తిరుపతిలో టాటా వారి తోడ్పాటుతో క్యాన్సర్ ఆసుపత్రి తెరిచారు. ఈ దశాబ్దంలోనే కర్నూలు వైద్య కళాశాల ఆవరణలో రాష్ట్ర క్యాన్సర్ సంస్థ లేచింది. ఆ భవనం ముందు నిలబడి నేను లెక్కవేసుకున్నాను. ఆంధ్రరాష్ట్రపు రాజధానిగా కర్నూలు ఉన్నది మూడేళ్ళు. ఈ ఒక్క భవనానికి పట్టినది డెబ్బై ఏళ్ళు.

ఇప్పుడు మా శిష్యుడి ప్రశ్న, ప్రోటాను.

మామూలు కిరణం గడ్డను తాకి అక్కడ ఆగదు. వెనుక ఉన్న మంచి కండను కూడా కాల్చుకుంటూ బయటికి పోతుంది. ప్రోటాను అలా కాదు. కొంత లోతుకు చేరి, తన శక్తిలో అధికభాగం అక్కడ ఒక్కసారిగా విడిచి ఆగిపోతుంది. ఆల్ఫా కణాలలో ఈ గుణాన్ని విలియం బ్రాగ్ 1904 ప్రాంతంలో గమనించాడు. దానిని వైద్యానికి వాడవచ్చునని 1946లో రాబర్ట్ విల్సన్ సూచించాడు. 1954లో బర్క్‌లీలో మనుషులకు తొలి ప్రయోగం. 1990లో కాలిఫోర్నియాలోని లోమా లిండాలో ఒక ఆసుపత్రిలోనే ఆ యంత్రం నెలకొల్పారు. ఎదిగే పసివాళ్ళ మెదడుకు, వెన్నుకు దగ్గరి గడ్డలలో దీని విలువ ఎక్కువ. అన్ని క్యాన్సర్లకూ ఇది మేలని కాదు. మామూలు కరెంటుతోనే నయమయ్యేవి ఎన్నో ఉన్నాయి.

2019 దాకా మన దేశపు రోగులు దీనికోసం సముద్రం దాటవలసినదే. ఆ ఏడు చెన్నైలో అపోలో వారు దానిని తెచ్చారు. ఆ సంస్థ స్థాపకులు ప్రతాప్ సి. రెడ్డి గారు చిత్తూరు జిల్లా అరగొండవారు, మా సీమ మనిషే. 1979లో ఆయన దగ్గరికి వచ్చిన ఒక యువకుడు గుండె ఆపరేషనుకు అమెరికా పోవడానికి డబ్బు కూడక చనిపోయాడు. ఆ మరణమే తనచేత 1983లో మొదటి ఆసుపత్రి పెట్టించిందని ఆయన చెబుతూ వచ్చారు. 2023లో టాటా వారు నవీ ముంబయిలోనూ ప్రోటాను చికిత్స మొదలుపెట్టారు. చూశారా, మెహెర్‌బాయి, ముత్తులక్ష్మి గారి చెల్లెలు, బసవతారకమ్మ, పేరు తెలియని ఆ యువకుడు. మన ఆసుపత్రుల పునాదిలో ఒక్కొక్క మనిషి ఉన్నాడు.

నేను మా శిష్యుడికి వైద్యం చెప్పలేదు. పిల్లవాణ్ణి చూస్తున్న డాక్టరునే మూడు ప్రశ్నలడగమన్నాను. ఈ గడ్డకు ప్రోటాను వల్ల నిజంగా మేలున్నదా? ఉంటే, అమెరికాలో దొరికేది చెన్నైలో దొరకనిది ఏమైనా ఉన్నదా? ఆరు వారాలూ అక్కడ ఉండడానికి ఏమి ఏర్పాటు? మేలున్నదన్నారు. చెన్నైలో అదే దొరుకుతుందన్నారు. మూడోదానికి వాడే జవాబు వెతుక్కోవాలి. అప్పుడు నేను మా అమ్మ కథ చెప్పాను. అప్పటిదాకా ఆ కథ ఎవరికీ చెప్పినవాణ్ణి కాను.

వాడు నేల అమ్మలేదు. ఆ ఏటికి కౌలుకిచ్చాడు. బావమరిది అమెరికా టిక్కెట్లకని దాచిన డబ్బు చెన్నైలో గది అద్దెకు, చికిత్సకు కొంత పంపాడు. తండ్రీ తల్లీ పిల్లవాడూ ఆసుపత్రికి దగ్గరలో ఒక గది తీసుకుని స్టవ్వు పెట్టుకున్నారు.

నాలుగోవారంలో రాయచోటి వైపు మంచి వాన పడింది. ఆ సంగతి నాకు ఇక్కడ మట్టివాసనతోనే తెలిసింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఫోను చేద్దామా అనుకున్నాను, ధైర్యం చాలలేదు. మరునాడు పొద్దున వాడే చేశాడు.

"అయ్యోరా, మా పక్క పదును వాన పడిందంట. కౌలుకు తీసుకున్నోడు శెనక్కాయ ఏస్తాండాడంట."

"నువ్వెక్కడున్నావు?" అన్నాను.

"ఈడనే. ఆసుపత్రి బెంచీ మీద. పిల్లోణ్ణి లోపలికి పిలిచినారు. ఇంకా పన్నెండు దినాలుండాయి గదా అయ్యోరా. నేను పోలా."